చదివేటప్పుడు వరుస తప్పే పిల్లలకు ఎలా సాయం చేయాలి?

అమలాపురం నుంచి ఒక అమ్మ అడిగారు: మూడో తరగతి పాప చదువుతూ వరుస తప్పుతోంది, చదివిన లైనే మళ్లీ చదువుతోంది, ఏం చేయాలని.

ముందు పాపని తిట్టకండమ్మా. చదివేటప్పుడు కన్ను జారుతూ పోదు, చిన్న చిన్న గెంతులు వేస్తుంది. ఒక్కో చోట దాదాపు పావు సెకను ఆగుతుంది. లైను చివరి నుంచి కింది లైను మొదటికి రావడం పెద్ద గెంతు. చాలామంది పిల్లలు అక్కడే తడబడతారు.

పాత శుభలేఖ అట్టముక్క తీసుకుని, చదివేసిన లైన్లను పైనుంచి కప్పుతూ రండి. చాలామంది అట్టని కింద పెడతారు. తెలుగులో వత్తులు కిందే ఉంటాయి కాబట్టి అవి మరుగున పడతాయి, తర్వాతి లైనూ కనబడదు. అక్షరాలు పెద్దగా, లైన్లు ఎడంగా ఉన్న పుస్తకం ఎంచుకోండి. రోజూ పది నిమిషాలు పక్కన కూర్చుంటే చాలు.

తలనొప్పి, అక్షరాలు రెండుగా కనబడటం, ఒక కన్ను మూసి చదవడం ఉంటే మాత్రం ఆలస్యం వద్దు. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో కంటి విభాగం ఉంది. దగ్గరి వస్తువుని రెండు కళ్లూ కలిసి చూస్తున్నాయో లేదో పరీక్షించమని అడగండి. దూరంగా పెట్టే అక్షరాల బోర్డుతో ఇది బయటపడదు.

కళ్లు బాగుండి, అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టమైతే డిస్లెక్సియా అనే చదువు నేర్చుకోవడంలో ఇబ్బంది కావచ్చు. దానికి కంటి వ్యాయామాలు పనిచేయవు, డబ్బు తగలేయకండి. చదవడం నేర్పే పద్ధతే మార్చాలి.