రాత్రి 11 దాటినా మిద్దె కింద ఉడుకు ఎందుకు?

అన్నా, కడపలో పై అంతస్తు ఇల్లు, రాత్రి 11 దాటాక కూడా పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది, థర్మామీటరేమో 34 డిగ్రీలే చూపిస్తోంది, ఫ్యాను మార్చాలా అని అడిగారు కదా. ఫ్యాను మీద డబ్బు పోగొట్టుకోకండి. తప్పు స్లాబుది.

థర్మామీటరు చెప్పేది గాలి సంగతి. మన ఒంటికి తెలిసేది ఒంట్లోని వేడి ఎంత త్వరగా బయటికి పోతోందన్నది. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రి ఆ వేడిని వికిరణంగా, అంటే కిరణాల రూపంలో, కిందికి వదులుతుంది. దానికి మధ్యలో గాలితో పనే లేదు. అనుమానముంటే స్టూలెక్కి సీలింగుకు అరచేయి ఆనించి చూడండి (ముందు ఫ్యాను ఆపండి!). చర్మం కూడా దాదాపు 33-35 డిగ్రీల్లోనే ఉంటుంది కాబట్టి 34 డిగ్రీల గాలి మన వేడిని పెద్దగా మోసుకుపోలేదు. ఫ్యాను చేసే మేలంతా చెమట ఆరబెట్టడమే.

కింద కడప బండలుంటే చాప తీసేసి పడుకోండి. చాపా బండా ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా బండే చల్లగా తగులుతుంది, ఒంటి వేడిని అది గబగబా లాగేస్తుంది మరి.

అసలు మందు మిద్దె మీద వేయాలి. మార్చిలోనే రెండు పూతలు తెల్ల సున్నం కొట్టించండి, ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. మన వేసవి గాలి పొడి కాబట్టి కూలరూ బాగానే పనిచేస్తుంది, కానీ ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి. లేకుంటే గదిలో తేమ నిండి చెమట ఆరదు. సాయంత్రం స్లాబు తడిపినా చల్లబడుతుంది గానీ, మే నెలలో ట్యాంకరు కోసం చూసేవాళ్లం, అన్ని నీళ్లెక్కడివి?