సంఘమంతటినీ కలిపే పని పాస్టరమ్మ ఒక్కరిదేనా?

ప్రశ్న: నా భర్త కృష్ణా డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో సంఘ కాపరి. ఈ సంఘానికి బదిలీ అయి వచ్చిన నాటి నుండి అందరినీ ఒక కుటుంబంలా చేయాలని ప్రయాసపడుతున్నాను. శుక్రవారం ఉపవాస ప్రార్థన మా ఇంట్లోనే జరుగుతుంది, తరువాత భోజనాలు నేనే పెడతాను. అందరూ నాతో ప్రేమగానే ఉంటారు గాని ఒకరితో ఒకరు కలవరు. ముందు బల్లల మీద పాత కుటుంబాల వారు, వెనుక బల్లల మీద చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చి అద్దెకుంటున్న వేరే వారు కూర్చుంటారు. ఆశీర్వచనం కాగానే ఎవరి దారి వారిదే. మొన్న మా అబ్బాయి "ఇది మన ఇల్లు కాదమ్మా" అన్నాడు. మా వారు ప్రభువు పని కదా ఓర్చుకోమంటారు. ఈ మధ్య తలుపు కొట్టిన చప్పుడు వింటేనే నాకు విసుగు వస్తోంది. నా విశ్వాసం తగ్గిపోయిందా?

జవాబు: అమ్మా, మీ విశ్వాసం తగ్గలేదు, మీరు అలసిపోయారు. ఈ రెండింటినీ ఒకటిగా చూసుకోవడం వల్ల అలసటకు అపరాధ భావం కూడా తోడై మిమ్మల్ని మరింత కుంగదీస్తోంది.

మీ ఉత్తరంలో అసలు చిక్కు మీరే రాశారు: అందరూ మీతో ప్రేమగా ఉంటారు, ఒకరితో ఒకరు కలవరు. పందిరి బరువంతా నడిమి రాట ఒక్కదాని మీదే ఆన్చినట్లు, ఆ సంఘంలోని అనుబంధాలన్నీ మీ ఇంటి మీద ఆనుకొని ఉన్నాయి. ఎవరికి జబ్బు చేసినా, ఎవరి ఇంట్లో తగవు వచ్చినా కబురు మీ దగ్గరకే వస్తుంది గనుక, పక్క బల్ల మీద కూర్చున్న వారిని పలకరించవలసిన అవసరం ఎవరికీ కలగడం లేదు. రేపు మీకు మరో ఊరికి బదిలీ అయితే ఇన్నేళ్ళ మీ కష్టం మీతోపాటే ఆ ఊరు దాటిపోతుంది.

నిర్గమకాండము 18వ అధ్యాయాన్ని మీరూ మీ భర్తా కలిసి మళ్ళీ చదవండి. ప్రజల తగవులు తీర్చే భారాన్ని పదిమందికి ఒకరు, యాభైమందికి ఒకరు చొప్పున నాయకులకు పంచమని మోషేకు అతని మామ యిత్రో చెప్పిన సంగతి ప్రసంగాలలో తరచుగా వినబడుతుంది. అంతకు ముందున్న మాటలు మాత్రం అంతగా వినబడవు. మోషే పంపివేసిన అతని భార్య సిప్పోరానూ, ఆమె ఇద్దరు కుమారులనూ యిత్రో వెంటబెట్టుకొని అరణ్యంలోని అతని విడిదికి వచ్చాడు. ఉదయం మొదలు సాయంకాలం వరకు ప్రజలు అతని చుట్టూ నిలిచి ఉండడం ఆ మరునాడు చూసి, ఇలాగైతే నీవూ ఈ ప్రజలూ నలిగిపోతారని హెచ్చరించాడు. మామగారి కంట పడిన కష్టం మీ భర్త కంట పడకపోవడానికి కారణం ఆయనకు ప్రేమ లేకపోవడం కాకపోవచ్చు. ఓర్చుకోమనడం ఆయనకు అలవాటైన జవాబు. కనుక ఫిర్యాదులా కాకుండా, పిల్లలు పడుకున్న తరువాత కూర్చొని, వారంలో ఏ రోజు ఎంతమంది వస్తున్నారో, వంటకు ఎంత ఖర్చవుతోందో, బాబు చదువుకొనే గది ఎన్ని సాయంత్రాలు ఖాళీ చేయవలసి వస్తోందో కాగితం మీద రాసి చూపించండి.

ఇక సంఘం సంగతి. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టు ఉద్యమాన్ని ప్రారంభించిన జాన్ వెస్లీ అనుచరులకు ప్రార్థనా మందిరం అప్పు తీర్చవలసి వచ్చింది. సభ్యులు వారానికి ఒక పెన్నీ ఇవ్వాలనీ, సుమారు పన్నెండుమందికి ఒక నాయకుడు ఇంటింటికీ తిరిగి ఆ చందా వసూలు చేయాలనీ నిర్ణయించుకున్నారు. చందా కోసం గడప తొక్కిన వారికి ఆ ఇళ్ళలోని తాగుడు, తగవులు, లేమి కంటబడ్డాయి. తరువాత నాయకుడు ఇళ్ళకు తిరగడానికి బదులు ఆ పన్నెండుమందీ వారానికొకసారి ఒకచోట కూడుకోవడం మొదలైంది. మెథడిస్టు సంఘాలకు ఎంతో బలాన్నిచ్చిన చిన్న గుంపులు అప్పు బాధలో నుండి పుట్టినవని గమనించండి. కలిసి ఉందామని తీర్మానించుకొన్నందువల్ల గాక, కలిసి చేయవలసిన పని ఒకటి ఉన్నందువల్ల వారు దగ్గరయ్యారు.

మీ సంఘంలోనూ ఎనిమిది పది ఇళ్ళకు ఒక గృహ కూడిక ఏర్పరచవచ్చు. అయితే బంధుత్వాన్ని బట్టి విభజిస్తే ఇప్పుడున్న గోడలే మళ్ళీ లేస్తాయి. వీధులను బట్టి విభజించండి. మైకు వద్దు, ఎందుకంటే అద్దె ఇంటి యజమానికీ, ఇరుగుపొరుగుకూ అభ్యంతరం లేకుండా ఉండాలి. ఒక కీర్తన, ఒక వాక్యభాగం, తరువాత ప్రతి ఒక్కరూ తమకు కావలసిన ప్రార్థన ఏమిటో చెప్పుకోవడం, మరుసటి వారం అది ఏమైందని అడగడం చాలు. ఆ అడగడమే ముఖ్యం. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్న కట్టుబాటు లేకపోతే నెల తిరగకుండానే కూడిక చెవులు కొరుక్కొనే చోటవుతుంది. టీ, బిస్కెట్లు మించి ఏ ఇంటిలోనూ పెట్టకూడదని ముందే నిర్ణయించండి. ఒక ఇంటిలో బిరియాని వడ్డించిన మరుసటి వారం ఒంటి గదిలో ఉండే కుటుంబం "మా ఇంట్లో కుదరదు" అంటుంది, అసలు కారణం మాత్రం చెప్పదు.

మీరు "వేరే వారు" అని రాశారు గాని ఎందుకు వేరో రాయలేదు. అది కులం అయితే, మన సంఘాలలో అది కొత్త సంగతి కాదు గనుక, టీ నీళ్ళతో తీరే విషయం కాదని నిర్మొహమాటంగా చెబుతున్నాను. అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో కలిసి భోంచేస్తున్న పేతురు యెరూషలేము నుండి కొందరు రాగానే వెనుకకు తీసినప్పుడు పౌలు అతనిని ముఖాముఖిగా నిలదీశాడు. కొరింథులో కొందరు ముందుగా తిని, లేనివారు ఆకలితో మిగిలారు. రెండు చోట్లా విభజన బయటపడింది భోజనం దగ్గరే. కాబట్టి ఈసారి ప్రేమ విందులో ఎవరు వండుతున్నారో చూడండి. పాత కుటుంబాలు వండి, కొత్తవారు వరుసలో నిలబడి తింటే అది దానధర్మమే. ముందు బల్ల నుండి ఒకామె, వెనుక బల్ల నుండి ఒకామె ఒకే పొయ్యి దగ్గర నిలబడి సాంబారులో ఉప్పు చాలిందా అని ఒకరినొకరు అడగవలసిన పరిస్థితి రావాలి.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో చిన్నచూపు జరిగిందన్న సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు ఆ వడ్డన తమ నెత్తిన వేసుకోలేదు, ఏడుగురిని ఏర్పరచమన్నారు. స్తెఫను మొదలు నీకొలాసు వరకు ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసిన పక్షం వారి చేతికే పని అప్పగించినట్లు కనబడుతోంది. సంఘ వ్యవహారాలు చూసే మీ పాస్టరేటు కమిటీలో, వాక్యపఠనంలో, కానుక పట్టడంలో, క్వయరులో వెనుక బల్లల వారు ఎందరున్నారు? వీరికి చోటు దొరకనంత కాలం ఎన్ని కూడికలు పెట్టినా ఆ ఆలయంలో వారు అతిథులుగానే ఉంటారు.

శుక్రవారం ప్రార్థనను వచ్చే నెల నుండి ఆలయపు హాలుకు మార్చండి, వంట వీధుల వారీగా వంతులు వేసుకుంటారు. ఇంట్లో వారానికి రెండు సాయంత్రాలు ఎవరూ రానివి ఉండాలి. అవి ఏవో మీ అబ్బాయినే ఎంచుకోనివ్వండి. మీ మనసులోని మాట సంఘంలో ఎవరితోనూ చెప్పుకోలేరు గనుక వేరే ఊరి పాస్టరమ్మ ఒకరితోనో, విన్న మాట దాచుకోగల పెద్దావిడతోనో క్రమంగా మాట్లాడుతూ ఉండండి. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం వారాల తరబడి ఉంటే ప్రార్థనతోపాటు వైద్యుని కూడా కలవాలి.

మార్పు మొదలయ్యాక "అమ్మగారు మునుపటిలా లేరు" అన్న మాట తప్పక పుడుతుంది. దానికి మీరు జవాబు చెప్పుకోవద్దు. ఆదివారం ప్రకటనల సమయంలో, ఇది తామిద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయమని మీ భర్తే సంఘానికి చెప్పాలి. అలా చెబుతానని ఆయన ఒప్పుకున్న తరువాతే శుక్రవారం కూడికను ఇంటి నుండి కదిలించండి.