ఆ గాజు గిన్నె వెనక్కి పంపెయ్ తల్లీ

తల్లీ,

మీ నాన్న పొద్దున్న ఫోన్ చేసి నీ కబురు చెప్పాడు. భీమవరంలో నీ జీతంతో నువ్వు ఇల్లు అద్దెకు తీసుకుని, అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు పెంచుకుందామనుకుంటున్నావంటే నాకు భలే గర్వమనిపించింది. వాటికోసం ఆన్‌లైన్‌లో గుండ్రటి గాజు గిన్నె ఆర్డరు పెట్టావని వినగానే మాత్రం టెన్షన్ పట్టుకుంది. వాయిస్ మెసేజ్ పెడితే సగంలో ఆపేస్తావని తెలిసే ఇదంతా రాస్తున్నా. ముందు ఆ గిన్నె వెనక్కి పంపెయ్.

నీళ్లకి గాలి అందేది పైభాగం నుంచి. ఆ గిన్నెకి అక్కడే మూతి ఇరుకు, పైగా ఫిల్టర్ పెట్టడానికి చోటుండదు. గోల్డ్‌ఫిష్ మన బొచ్చె, శీలావతి కుటుంబానికి చెందినదే. చైనా వాళ్లు వెయ్యేళ్ల కిందటి నుంచీ రంగులు చూసి ఎంచి పెంచుకుంటూ వచ్చారు, అంతే తేడా. వేలెడంత పిల్లని చూసి మోసపోకు, అరచేతంత అవుతుంది. పొడుగు తోక కామెట్ రకమైతే అడుగు దాకా సాగుతుంది, అది చెరువులో ఉండాల్సిన చేప, ఇంట్లోకి వద్దు. గుండ్రటి ఒంటి ఒరాండానో ర్యూకినో తెచ్చుకో. సరిగ్గా చూస్తే పది పదిహేనేళ్లు బతుకుతాయి, అంటే నీ పెళ్లి కూడా చూస్తాయి (ఈ మాట అన్నానని మూతి ముడుచుకోకు).

రెండు చేపలకి కనీసం 120 లీటర్లు పట్టే తొట్టె కావాలి. మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉంటే సరిపోతుంది. నీళ్లు, గాజు, రాళ్లు అన్నీ కలిపి 150 కిలోలు దాటుతుంది కాబట్టి నీ టీవీ బల్ల మీద పెట్టకు, ఇనప స్టాండు చేయించి గోడవార పెట్టు. ఎండ పడకూడదు. హీటర్ అమ్మజూపుతారు, మన ఊళ్లలో దానితో పనిలేదు.

ఇక మీ నాన్న సంగతి. వాడు నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

వాడు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు రాజమండ్రి నుంచి ఒక గోల్డ్‌ఫిష్ తెచ్చుకున్నాడు. కిరాణా కొట్లో బిస్కెట్లు పోసుకునే పెద్ద గాజు సీసా అడిగి తెచ్చి, అడుగున గోదారి గులకరాళ్లు వేసి, రోజూ చెంబెడు నీళ్లు తీసి చెంబెడు పోసేవాడు. శీతాకాలం అంతా ఆ చేప హాయిగా ఉంది. మీ నాయనమ్మ అయితే అన్నం మెతుకులు వేసి మరీ పిలిచేది. ఏప్రిల్ వచ్చింది, కాలవలు కట్టేశారు. నీకు తెలుసుగా, కాలవలు కట్టేముందు మంచినీళ్ల చెరువు నింపుకుంటాం, మళ్లీ నీళ్లు వదిలేదాకా అవే దిక్కు. మే నెలకల్లా చెరువు అడుగంటి నీళ్లు వాసన కొట్టాయి, ఇక ట్యాంకులో బ్లీచింగ్ గట్టిగా కలిపారు. సరిగ్గా అప్పుడే మా తమ్ముడికి శుభ్రం గుర్తొచ్చింది. చేపని బకెట్లో వేశాడు, సీసాని సర్ఫ్ పెట్టి తోమాడు, రాళ్లు కడిగి డాబా మీద ఎండబెట్టాడు, సాయంత్రం కుళాయి తిప్పి సీసా నిండా కొత్త నీళ్లు పట్టి చేపని అందులో వదిలాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయని ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాడు కూడా. రాత్రి అన్నాల వేళకి చేప పైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంది. ఆకలేమో అనుకుని మేత వేశాడు. తెల్లారేసరికి వెల్లకిలా తేలింది. ఆరోజు ఇంట్లో బొచ్చె పులుసు, వీడు కంచం ముందు కూర్చోనని ఒకటే ఏడుపు. అమ్మినవాడు రోగం చేపని అంటగట్టాడని ఇప్పటికీ వాదిస్తాడు, నువ్వే అడిగి చూడు.

రోగం లేదు, పాడూ లేదు. బ్లీచింగ్‌లోని క్లోరిన్ మొప్పల్ని కాల్చేసింది. దానికితోడు, చేప వదిలే అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఆ గులకరాళ్లనే పట్టుకుని ఉంటుంది, దాన్ని కాస్తా తోమి ఎండబెట్టేశాడు. క్లోరిన్ వదిలిపెట్టినా ఆ అమ్మోనియా వదిలేది కాదు. ఇదంతా మాకు చేపల చెరువులు వేశాకే బోధపడింది.

అందుకే చెబుతున్నా, తొట్టె కొన్న రోజే చేప కొనకు. నీళ్లు నింపి, ఫిల్టర్ ఆన్ చేసి, రోజూ చిటికెడు మేత ఉత్త నీళ్లలోనే వెయ్. ఆ బాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీకు ఓపిక లేదని నాకు తెలుసు. అయినా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా షాపు గుమ్మం తొక్కకు. నువ్వుండేది భీమవరంలో, సందుకో ఆక్వా ల్యాబ్ ఉంటుంది, రొయ్యల రైతుల్లాగే ఒక సీసాలో నీళ్లు పట్టుకెళ్లి ఇయ్యి. నవ్వితే నవ్వనీ.

ఆ తర్వాత వారానికి పావు వంతు నీళ్లు మార్చు, ఒక్కసారే మొత్తం మార్చకు. కుళాయి నీళ్లు వెడల్పు టబ్బులో ఒకరోజు నిలవ ఉంచినా సరే, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసినా సరే. వేసవిలో రెండూ చెయ్. ఫిల్టర్ స్పాంజిని తొట్టెలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండు, కుళాయి కింద పెట్టావో మీ నాన్న కూతురివే అనుకుంటా. శుభ్రంగా ఉన్నాయి కదా అని టిన్ను నీళ్లు కూడా పొయ్యకు, వాటిలో ఖనిజాలు పెద్దగా మిగలవు.

నాకు అసలు భయం కరెంటు పోతుందనే. తెల్లవారుజామున టార్చి పట్టుకుని గట్టు మీద తిరిగి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే జనరేటర్ కోసం పరిగెత్తినవాణ్ణి, ఎవరి తొట్టె చూసినా నాకు ముందు అదే గుర్తొస్తుంది. ఎయిర్ పంపుతోపాటు బ్యాటరీతో నడిచేది కూడా ఒకటి కొనిపెట్టుకో, ఖరీదేం కాదు. మే నెలలో నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో నిలిచే ఆక్సిజన్ తగ్గిపోతుంది, మూత తీసి నీళ్ల మీదకి ఫ్యాన్ తిప్పు. ఐసు ముక్కలు మాత్రం వెయ్యకు.

ఇంకోటి, ఎవరూ చెప్పరు. మన దోమలు నీకు తెలుసు. ఆ గదిలో కాయిల్ వెలిగించకు, ఆ లిక్విడ్ మెషీనూ పెట్టకు, స్ప్రే అసలే వద్దు. వాటిలో ఉండే మందు చేపలకి విషం, ఎయిర్ పంపు గదిలో గాలినే లాగి నీళ్లలోకి పంపుతుంది. వరిచేలో కొట్టిన పురుగుమందు గాలికి కొట్టుకొచ్చినా, వానకి కారినా పక్క చెరువులో చేపలు తేలడం మాకు కొత్త కాదు. దోమతెర కట్టుకో, పంపిస్తాను.

అద్దాలు నాకి శుభ్రం చేస్తుందని సక్కర్ చేపని అంటగడతారు, తేకు. అది గోల్డ్‌ఫిష్ ఒంటి మీద జిగురు కూడా పీకుతుంది. పెరిగాక ఏం చెయ్యాలో తెలియక జనం కాలవల్లో వదిలేస్తే ఇప్పుడు చెరువుల్లోకి ఎక్కి మా ప్రాణం తీస్తోంది. నీ గోల్డ్‌ఫిష్‌లైనా అంతే, వద్దనిపిస్తే నాకు ఫోన్ చెయ్, కాలవలో మాత్రం పడెయ్యకు.

మేత పూటకి రెండు నిమిషాల్లో తినేసేంత చాలు. ఆ చేపకి పొట్టసంచి ఉండదు, ఎంత వేసినా అడుగుతూనే ఉంటుంది, జాలిపడకు.

సంక్రాంతికి చేపల వంక పెట్టి రాకుండా ఉండిపోతావేమో, అదేం కుదరదు. ఎదిగిన చేపలు నాలుగు రోజులు మేత లేకపోయినా ఉంటాయి. వాచ్‌మన్ చేతికి మేత డబ్బా ఇవ్వకు, పండగ కదా అని పిడికిలితో పోస్తాడు. కరెంటు పోతే బ్యాటరీ పంపు ఆన్ చెయ్యమని చెప్పి, నా నంబరు ఇచ్చి వచ్చెయ్.

మీ పెదనాన్న