తలుపు గడియ పెట్టని ఏడు రోజులు

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు న్యూజెర్సీలో ఉంటున్నారు. పక్కింటి యూదు పెద్దాయన మొన్న పోయారు. ఆయన నాలుగు నెలలు మంచంలో ఉంటే వాళ్ళ ప్రార్థనాలయం వాళ్ళు వంతులేసుకుని భోజనం తెచ్చేవారట, ఆస్పత్రికి కారులో తిప్పేవారట. ఇప్పుడు ఆ ఇంటి తలుపుకి గడియ లేదు, అద్దాలకు గుడ్డలు కప్పారు. వెళ్ళొచ్చా, ఏం పట్టుకెళ్ళాలి, ఏం మాట్లాడాలి అని కోడలు టెన్షన్ పడుతోంది. పులిహోర చేద్దామనుకుంటోంది. నాకు మాత్రం ఏం తెలుసు? వచ్చే నెల నాకు మోకాలి ఆపరేషన్. ఇంట్లో ఒక్కదాన్నే. వాళ్ళలా మనకెవరున్నారండీ?
— ఒక తల్లి, టెక్కలి

జవాబు: అక్కా, ముందు కోడలికి ఫోన్ చేసి తప్పకుండా వెళ్ళమనండి. అంత్యక్రియలయ్యాక ఇంటివాళ్ళు దుఃఖం పాటించే 7 రోజులను వాళ్ళు షివా అంటారు. హీబ్రూలో ఏడు అనే మాట నుంచి వచ్చిందది. వచ్చినవాళ్ళు బెల్ కొట్టి ఆ దుఃఖంలో ఉన్న మనిషిని లేపకూడదని తలుపు తీసే ఉంచుతారు. పువ్వులు తీసుకెళ్ళడం వాళ్ళ ఆచారం కాదు. పులిహోర కూడా వద్దు. కోషర్ అని వాళ్ళకు ఆహార నియమాలున్నాయి, గట్టిగా పాటించేవాళ్ళు మన వంటింట్లో వండింది తినలేరు. కోయని పళ్ళు చాలు.

మాటల సంగతి. లోపలికెళ్ళి కూర్చోవాలి, ఆ ఇంటివాళ్ళు నోరు విప్పేదాకా మనం మాట్లాడకూడదు. యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తల్ముద్‌లోనే ఉందీ నియమం. అది చదివిన రోజు నేను చాలాసేపు ఏడ్చాను. మా ఆయన పోయినప్పుడు శ్రీకాకుళంలో మా ఇంటికొచ్చిన ప్రతి మనిషీ 'ఎలా జరిగింది? ఏ టైముకి? ముందే చూపించలేదా?' అని అడిగారు. ప్రేమతోనే అడిగారు. కానీ ఆ రాత్రిని రోజుకి ఇరవైసార్లు చెప్పాల్సి వచ్చింది. మా వెనక వీధి పిన్నిగారు ఒక్కరే ఏమీ అడగలేదు. వచ్చి అంట్లు తోమి, నా పక్కన చాపమీద కూర్చుని వెళ్ళేవారు. ఇప్పటికీ నాకు గుర్తున్నది ఆవిడే.

శ్మశానం నుంచి వచ్చాక మొదటి భోజనం యూదుల్లో ఆ ఇంటి తిండి కాకూడదు, ఇరుగుపొరుగు తేవాలి. మన వైపు కూడా చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, అలాగే. గుడ్లు, పప్పు తెస్తారు. పప్పుగింజకి నోరు లేనట్టే దుఃఖంలో ఉన్నవాడికీ నోరుండదని పెద్దలు చెప్పారు. పోయినవారి కోసం చదివే కద్దిష్ అనే ప్రార్థనకి 10 మంది పెద్దవాళ్ళుండాలి, పాత పద్ధతిలో మగవాళ్ళే. ఆ పది మందీ ఈ ఇంటికే వస్తారు. ఒంటరిగా ఏడవడానికి ఆ ధర్మంలో వీలే లేకుండా పెట్టారు, ఎంత ఆలోచించారో!

రోగిని చూడటానికి వెళ్ళడాన్ని బికూర్ హోలిమ్ అంటారు. అలా వెళ్ళినవారు రోగి బాధలో అరవయ్యో వంతు తీసుకెళ్తారని తల్ముద్ మాట. మరి 60 మంది వెళ్తే నొప్పి పూర్తిగా పోతుందా అని కూడా వాదించుకున్నారు. పోదట, ఒక్కొక్కరూ మిగిలినదాంట్లో అరవయ్యో వంతే తీస్తారట. యూదులంటే విదేశాల్లోనే అనుకోకండి, గుంటూరు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు కుటుంబాలున్నాయి, వాళ్ళకో చిన్న సినగాగ్, అంటే ప్రార్థనాలయం కూడా ఉంది.

ఇక మీ ఉత్తరంలో చివరి మాట. అది చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోడలు చూసిన ఆ వంతులు ఎవరో కాగితం మీద రాసుకుంటేనే నడిచాయి. సోమవారం ఫలానా వారు, గురువారం ఫలానా వారు. రోగి నోరు తెరిచి అడగక్కర్లేదు. మీరూ ఒక కాగితం తీయండి. ఎదురింటావిడ, పాలు పోసే అమ్మాయి, గుడిలో మీతో భజనకి కూర్చునేవాళ్ళు ఉంటారు కదా. వాళ్ళలో కాస్త చొరవున్న ఒకరికి ఆ కాగితం ఇచ్చి, మిగతావాళ్ళని ఆవిడనే అడగమనండి. తన కోసం తను అడగడం మనకి చేతకాదు, నాకూ చేతకాలేదు.

మంగళవారం దగ్గర నా పేరు రాయండి. ఇక్కడి కాంప్లెక్స్‌లో పలాస బస్సెక్కి టెక్కలిలో దిగుతాను, కేరియర్ నేనే తెస్తాను. ఆపరేషన్ తేదీ, ఉప్పుకారాలు ఎంత తింటారో రాసి పంపండి.