సెకండాఫ్‌లో కాళ్లు కదలట్లేదు.. ప్రొటీన్ పౌడర్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు, పదో తరగతి. కబడ్డీలో రైడర్. బరువు 46 కిలోలు. రోజూ పొద్దున గంటన్నర, సాయంత్రం రెండు గంటలు ప్రాక్టీస్, ఆదివారం కూడా. ఫస్టాఫ్‌లో చురుగ్గా ఆడుతుంది. సెకండాఫ్‌కి వచ్చేసరికి కాళ్లు బరువెక్కుతున్నాయంటోంది, తేలిగ్గా తప్పించుకునే పట్టులకు కూడా దొరికిపోతోంది. సెలక్షన్స్‌లో బరువు దాటితే తీసుకోరని రెండు నెలలుగా రాత్రి అన్నం మానేసింది. చదువుకుని పడుకునేసరికి పదకొండు, లేచేది నాలుగున్నరకి. తెలిసినవాళ్లు ప్రొటీన్ పౌడర్ పట్టమంటున్నారు. ప్రాక్టీస్ ఇంకా పెంచాలా?
- ఒక తండ్రి, సూర్యాపేట జిల్లా

జవాబు: పౌడర్ వద్దు, ప్రాక్టీస్ పెంచడమూ వద్దు. మీరు రాసినదాన్ని బట్టి అమ్మాయికి ఆట వచ్చు. ఆడేందుకు ఒంట్లో సరుకే ఉండట్లేదు.

రైడ్ అంటే 30 సెకన్లు. ఆ అర నిమిషంలోనే దూకాలి, చటుక్కున వెనక్కి తిరగాలి, పట్టు విడిపించుకుని గీత దాకా రావాలి. ఇలాంటి మెరుపు కదలికలకు కండరాలు తమలో దాచుకున్న గ్లైకోజెన్‌ను వాడుకుంటాయి. అది అన్నం, రొట్టె, అరటిపండు లాంటి పిండిపదార్థాల నుంచే తయారవుతుంది. ఖాళీ అయిన నిల్వ మళ్లీ నిండాలంటే, బాగా తిన్నా దాదాపు ఒక రోజు పడుతుంది. మీ అమ్మాయి సాయంత్రం దాన్ని ఖర్చు చేసి, రాత్రి ఏమీ వేయకుండా పడుకుని, తెల్లారకముందే మళ్లీ గ్రౌండ్‌లో ఉంటోంది. సగం నిండిన నిల్వతో ఫస్టాఫ్ వరకు నెట్టుకొస్తోందంటే నిజానికి గట్టి పిల్లే.

ఈ వయసులో, ఇంత ఆట ఆడే పిల్లకు కిలో బరువుకు 5 నుంచి 7 గ్రాముల పిండిపదార్థం కావాలి. మీ అమ్మాయికి రోజుకు సుమారు 230 నుంచి 320 గ్రాములు. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాములు ఉంటుంది కాబట్టి మూడు పూటలా అన్నమో జొన్న రొట్టో తింటే ఇది పెద్ద కష్టం కాదు. ప్రొటీన్ 55 నుంచి 75 గ్రాములు చాలు. రెండు గుడ్లకు 12 గ్రాములు, అర లీటరు పాలు పెరుగులకు 16, రెండు గిన్నెల గట్టి పప్పుకు 12 దాకా, గుప్పెడు పల్లీలకు 7. అన్నంలో ప్రొటీన్ ఎక్కడిదంటారు గానీ పావు కిలో బియ్యంలో 17 గ్రాములు ఉంటుంది. కూడి చూడండి, పౌడర్ డబ్బా అవసరం ఎక్కడుంది? పైగా కొన్ని సప్లిమెంట్లలో లేబుల్ మీద రాయని నిషేధిత పదార్థాలు బయటపడ్డాయి. డోపింగ్ పరీక్షలో దొరికితే తెలియక తాగామంటే వదిలిపెట్టరు.

పొద్దున గ్రౌండ్‌కు వెళ్లేముందు ఒక అరటిపండో, రెండు ఖర్జూరాలో తినమనండి. ప్రాక్టీస్ అయిన గంటలోపు గుడ్డు, ఇడ్లీ. సాయంత్రం ఇంటికి రాగానే స్నానం కన్నా ముందు పెరుగన్నం పెట్టినా తప్పులేదు.

అన్నిటికన్నా ముందు చేయించాల్సింది రక్తపరీక్ష. హిమోగ్లోబిన్, దాంతోపాటు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే కండరాలకు ఆక్సిజన్ చాలినంత అందదు, ఎంత పరిగెత్తించినా దమ్ము పెరగదు. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెర్రిటిన్ పడిపోయినా కొందరు పిల్లలు నీరసపడతారు. స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వేసుకుంటోందా అని అడగండి. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది తలూపుతారు. బ్యాగ్ సైడ్ జిప్ తీయిస్తే మాత్రలు అక్కడే ఉంటాయి. కడుపులో తిప్పుతుందని వేసుకోరు. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగే అలవాటుంటే మాన్పించండి, తిన్న ఐరన్‌ను అది ఒంటపట్టనివ్వదు. పప్పు మీద నిమ్మకాయ పిండితే బాగా పడుతుంది. నెలసరి సరిగ్గా వస్తోందో లేదో వాళ్లమ్మను కనుక్కోమనండి. మూడు నెలలు రాకపోతే తిండి చాలట్లేదనడానికి అదొక గుర్తు కావచ్చు, ఎముకలకూ దెబ్బే. గైనకాలజిస్టుకు చూపించాలి.

ఇక బరువు సంగతి. ఇది నాకు కోపం తెప్పించే విషయం. కాటా ఎక్కే ముందు రెండు రోజులు నీళ్లు మానేసి, ఎండలో స్వెటర్ వేసుకుని పరిగెత్తిన ఒక అబ్బాయిని స్పృహ లేని స్థితిలో తీసుకొచ్చారోసారి. 46 కిలోల పిల్ల ఒంట్లో కిలో నీరు తగ్గితే చాలు, వేగమూ ఆలోచనా రెండూ మందగిస్తాయి. ప్రాక్టీస్‌కు ముందు, తర్వాత బరువు చూడండి. ఎంత తగ్గిందో దానికి కాస్త ఎక్కువగానే నీళ్లు, మజ్జిగ తాగించండి. ఎదిగే పిల్ల బరువు పెరగడం సహజం. అవసరమైతే పై వయసు విభాగంలో ఆడించండి.

ప్రాక్టీస్ లెక్క చూద్దాం. రోజుకు మూడున్నర గంటలు, ఏడు రోజులు. వారానికి 24 గంటలు దాటింది. వయసెంతో వారానికి అన్ని గంటలకు మించొద్దని పిల్లల క్రీడా వైద్యంలో ఒక కొలత ఉంది, అంటే మీ అమ్మాయికి 15. ఆదివారం పూర్తిగా సెలవు ఇవ్వండి. వారంలో నాలుగు పొద్దుటి సెషన్లు తీసేసి నిద్రపోనివ్వండి. మిగిలిన వాటిలో రెండింటిని స్క్వాట్లు, లంజ్‌లు, పుషప్‌లకు వాడండి. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి ముడుచుకోకుండా దిగడం నేర్పించండి. అమ్మాయిల్లో మోకాలి లిగమెంట్ తెగడం ఎక్కువ, ఆపరేషన్ దాకా వెళ్తే ఆ సీజన్ పోయినట్టే.

నైపుణ్యం విషయంలో చాలా గ్రౌండ్లలో ఒక పొరపాటు చూస్తుంటాను. ముందు పది రౌండ్లు పరిగెత్తించి, పిల్లలు వగరుస్తుంటే అప్పుడు టో టచ్ (కాలి వేళ్లతో ఎదుటివాళ్లను తాకడం) నేర్పిస్తారు. అలసిన కాలు తప్పుడు అడుగునే నేర్చుకుంటుంది. కొత్త కదలిక ఏదైనా ముందు నేర్పి, పరుగులు చివర్లో పెట్టాలి. ఇంకోటి, ఒకే టో టచ్ వరుసగా యాభైసార్లు చేయిస్తే ఆ పూటకు ఎంతో బాగా వచ్చినట్టు కనిపిస్తుంది. మ్యాచ్‌లో రాదు. టో టచ్, బోనస్ (బోనస్ గీత దాటి పాయింటు తేవడం), హ్యాండ్ టచ్ కలిపి, ఏది ఎప్పుడో ముందు చెప్పకుండా, ఎదురుగా కార్నర్‌లో కాచుకున్న డిఫెండర్ కదిలే తీరును చూసి తనే ఎంచుకునేలా చేయిస్తే మొదట్లో తడబడుతుంది, కానీ నేర్చుకున్నది నిలుస్తుంది. పట్టుబడ్డాక కోచ్ తప్పు చెప్పేలోపు, ‘నీకేం కనిపించింది?’ అని అడగమనండి. నేర్చుకున్నది ఒంటపట్టేది నిద్రలో. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి, మీ అమ్మాయి పడుకునేది ఐదున్నర గంటలు. పదో తరగతి కదా, ఎలా కుదురుతుందంటారేమో. పైన తీసేయమన్న నాలుగు పొద్దుటి సెషన్లు అందుకే.

ఆడుతుండగా కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, గుండెదడ ఉన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా ఇవన్నీ పక్కనపెట్టి, ఆట ఆపించి, ముందు గుండె డాక్టర్‌ను కలవండి.

కోచ్ గారి దగ్గరికి రక్తపరీక్ష రిపోర్టు, వారం రోజుల ప్రాక్టీస్ గంటల లెక్క కాగితం మీద రాసుకుని వెళ్లండి. మా అమ్మాయి అలసిపోతోందంటే అందరూ అనే మాటే అనుకుంటారు, కాగితం చూపిస్తే కూర్చోబెట్టి మాట్లాడతారు.