45 నిమిషాల నాటిక పఠనం గంటా పది పట్టింది, ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదు: సమాధానం

మీ నాటికని జనం ముందు చదివించినప్పుడు ఇలా జరగడానికి కారణం దాదాపుగా రంగసూచనలే, అంటే నటులు ఏం చెయ్యాలో, ఎలా పలకాలో చెప్పే మాటలు. బ్రాకెట్లలో ఉన్న ప్రతి ముక్కా చదివేసి ఉంటారు. 'కోపంగా' అని ఒకరు చదివాక నటుడు కోపంగా పలికితే, వినేవాళ్ళకి అదే విషయం రెండుసార్లు.

చాలామంది వదిలేసే పని, రిహార్సల్‌కి ముందే ఈ సూచనల్ని కోసెయ్యడం.

1. రచయితతో కూర్చోండి. ప్రతి సూచనకీ ఒకటే ప్రశ్న: ఇది వినకపోతే కథ తప్పిపోతుందా? ప్రవేశం, నిష్క్రమణ, రంగం మార్పు, మాట లేకుండా జరిగే పని (ఉత్తరం చింపడం, గడియ వెయ్యడం) ఉంచండి. 'నవ్వుతూ', 'నిట్టూర్చి' కొట్టెయ్యండి. పది వరుసల ఇంటి వర్ణనని రెండుకి దించండి. రచయిత బాధపడతారు, అసలు ప్రతిలో అవి అలాగే ఉంటాయని చెప్పండి.

2. మిగిలినవి చదవడానికి విడిగా ఒక మనిషి, పక్కగా కూర్చోవాలి. పాత్రధారికి అప్పగిస్తే ఏది సంభాషణో ఏది సూచనో కలిసిపోతుంది, మీకు జరిగింది అదే. రచయితకీ వద్దు. రచయిత హాలు వెనక కూర్చుని జనం ఎక్కడ కుర్చీల్లో కదులుతున్నారో తన ప్రతి మీద గుర్తు పెట్టుకోవాలి, పఠనం పెట్టేదే అందుకు.

3. ఒకరే రెండు పాత్రలు చదివితే, అవి ఒకే రంగంలో ఎదురుపడకూడదు.

4. అక్షరాలు 16 పాయింట్లు, ప్రింటు ఒకవైపే. పేజీ చివర సంభాషణ విరగకూడదు, మాట మధ్యలో తిప్పితే ఆ చప్పుడు మైకులో పడుతుంది.

తర్వాత గడియారం పెట్టుకుని ఒక్కసారి చదివించండి. 50 నిమిషాలు దాటితే మళ్ళీ 1వ పనికే వెళ్ళండి, నటుల్ని తొందరపెట్టకండి.