పన్నెండున్నర నిమిషాల ఎర్ర వెలుగు

ప్రశ్న: మా బాపుకు అన్నవాహికలో క్యాన్సర్ గడ్డ, ముద్ద దిగడం లేదు. పీడీటీ అనే లేజర్ వైద్యం చేస్తామన్నారు. సోమవారం ఇంజెక్షన్, బుధవారం లేజర్, అదీ పన్నెండున్నర నిమిషాలేనట. అంతలో వెలుగు సరిపడా పడిందని ఎట్లా తెలుస్తుంది? ఒకటే టెన్షన్. పైగా ఆయన ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకుపోతానంటున్నారు.
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: తమ్ముడూ, థియేటర్‌లో ఆ లేజర్ మిషన్ దగ్గర ఏళ్లతరబడి నిలబడ్డవాణ్ణి. అది గడ్డను కాల్చదు. పోర్ఫిమర్ సోడియం మందు ఎక్కించిన 40 నుంచి 50 గంటలకు, 630 నానోమీటర్ల ఎర్ర వెలుగు పడితే, కణంలోని ఆక్సిజన్‌తో కలిసి ఆ మందే గడ్డను చంపుతుంది.

టైమ్ లెక్క బోరు లెక్క లాంటిదే: ధార ఎంత, ఎంతసేపు. లేజర్ వెలుగును గొంతులోకి తీసుకుపోయే సన్నని తీగ, అంటే ఫైబర్, దాని కొసన వెలుగు చుట్టూ చిమ్మే భాగంలో సెంటీమీటరుకు 400 మిల్లీవాట్లు, 750 సెకన్లు. అంటే ప్రతి సెంటీమీటరుకు 300 జూళ్ల శక్తి. పవర్ పెంచి తొందరగా ముగిద్దామంటే కుదరదు, రక్తం తెచ్చే ఆక్సిజన్ చాలదు.

మిషన్ మీద కనిపించే అంకెను మాత్రం నేను నమ్మను. ఒకసారి గడ్డ పొడవుగా ఉంటే రెండు విడతలుగా వేస్తున్నాం. మధ్యలో ఫైబర్ తీసి, లోపల తెల్లగా ఉండే గుండ్రటి మీటర్‌లో పెడితే పవర్ బాగా పడిపోయింది. కొసకు రక్తం అంటుకుని మాడింది! ఫైబర్ మార్చాం సరే, మొదటి విడతలో ఎంత పడినట్టు? ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పటినుంచి ముందొకసారి, తర్వాతొకసారి కొలిచి రాసిపెట్టేవాణ్ణి. మీరూ ఆ రెండు అంకెలు అడగండి, తప్పేం లేదు. అసలు ఫలితం రెండు మూడు రోజులకు మళ్లీ ఎండోస్కోపీ చేసినప్పుడు తెలుస్తుంది. చచ్చిన కండ తీసేసి, అవసరమైతే ఇంకోసారి వెలుగు వేస్తారు.

మిర్చి సంగతి. ఎండ భయం బుధవారం నుంచి కాదు, సోమవారం సూది పడ్డప్పటినుంచే. కనీసం 30 రోజులు. సన్‌స్క్రీన్ పనిచేయదు, ఎండలోని కంటికి కనిపించే వెలుగుకే చర్మం బొబ్బలెక్కుతుంది. నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, నల్ల కళ్లద్దాలు, తలకు రుమాలు. అలాగని చీకటి గదిలో పెట్టొద్దు, ఇంట్లో ఉండే మామూలు వెలుతురుకే ఒంట్లోని మందు మెల్లగా కరుగుతుంది. మార్కెట్‌కు ఈసారి మీరే పోండి. నెల దాటాక డాక్టర్‌ను అడిగి, ముంజేతిని పది నిమిషాలు ఎండలో పెట్టించండి, ముఖం మాత్రం వద్దు. మర్నాటికి ఎరుపు, వాపు, బొబ్బ ఏదీ లేకపోతే మెల్లమెల్లగా బయటికి రావచ్చు.